పురుగు ముట్టని ఆకు

శవం చిన్నది. దోసిట్లో పడుతుంది.

కానీ అక్కడ దోసిలి పట్టేవాళ్ళెవరూ లేరు. ఉన్నవన్నీ బావురుపిల్లులు. తొంభై ఎనిమిదో సంవత్సరం, భాద్రపదం ముసురు. గుంటూరు జిల్లా దిగువన నల్లరేగడి పత్తిచేలు, చేల మధ్య ఓ వాగు, వాగు గట్టున ముళ్ళ చిల్లచెట్ల తోపు. ఆ తోపులో మనుషులకి తెలియని ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో ఈ ముసురుకి పోయిన పిల్లల్లో ఇది మొదటిది కాదు.

కోటేశ్వరి పిల్లని నాకుతూనే ఉంది. చల్లబడ్డ ఒళ్ళు ఎంత నాకినా వెచ్చబడదని ఆమెకి తెలుసు. అయినా నాకుతోంది.

గఫూర్ తల వంచి పొదలోకి వచ్చాడు. కుడిచెవి సగం లేదు. తోక చివర వంకర. ఆ తోపులో దొంగతనం జరిగినా, కొట్లాట జరిగినా, ఎవరైనా మాయమైనా పిలిచేది అతన్నే. మనుషులైతే డిటెక్టివ్ అనేవాళ్ళు. పిల్లులు అలాంటి బిరుదులివ్వవు. పైగా ఇవాళ అతన్ని పిలిచింది అందుకు కాదు. కోటేశ్వరి అతని చెల్లెలు. పోయింది మేనల్లుడు.

పేర్ల సంగతి ఇక్కడే చెప్పేయాలి. బావురుపిల్లులు ఏ ఆసామి చేలో పుడితే ఆ ఆసామి పేరే పెట్టుకుంటాయి. కులం చూడవు, మతం చూడవు. కాన్పుకో చేను మారుతుంది కాబట్టి ఒకే తల్లి పిల్లలైనా అన్న గఫూర్ అయ్యాడు, చెల్లెలు కోటేశ్వరి అయింది. ఒక కాన్పులో పుట్టినవాళ్ళందరికీ ఒకటే పేరు. చివరికి ఎవరు మిగిలితే వాళ్ళకి ఆ పేరు దక్కుతుంది. కోటేశ్వరి ఈసారి బుడే అనే ఆసామి మిరపచేలో ఈనింది. ముగ్గురు బుడేలు పుట్టారు.

ఇప్పుడు ఒక్క బుడే మిగిలాడు. వాడికి ఒళ్ళు కాలిపోతోంది.

"చెల్లెమ్మా, కొంచెం జరుగు. చూడాలి."

"ఏం చూస్తావన్నా? చచ్చినోణ్ణి చూసి ఏం చేస్తావ్?"

"ఉన్నోణ్ణి బతికించుకోవాలి గదా."

ఆమె జరిగింది. గఫూర్ ముక్కు ఆనించి మొదలుపెట్టాడు. ఇది అతని పోస్ట్‌మార్టం. గాయం లేదు. పాము కాటు లేదు. మూతి చుట్టూ నురగ. మెడ కింద బొచ్చంతా చొంగతో తడిసింది. గోళ్ళు బయటికొచ్చి బిగుసుకుపోయాయి.

తర్వాత కళ్ళు చూశాడు. అక్కడ ఆగిపోయాడు.

పొద లోపల మసక. మసకలో పిల్లి కంటిపాప గుండ్రంగా విచ్చుకోవాలి. జ్వరమొచ్చినా అంతే, దెబ్బ తగిలినా అంతే. ఈ పిల్ల కంటిపాప మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్నట్టు దారప్పోగంత సన్నగా ఉంది.

ఇలాంటి కళ్ళు ఎక్కడో చూశాడు. ఎక్కడ? గుర్తు రాలేదు.

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున."

"మందు పెట్టిందెవరు?"

"ఇంకెవరు? మందులమ్మ శివపార్వతమ్మత్తే. సాయంత్రం వచ్చి ఆకు నమిలి నోట్లో పెట్టింది."

"తర్వాత?"

"కాసేపటికే చొంగ. ఆ తర్వాత వణుకు. మొదటోడికీ అచ్చం ఇంతే."

"వీడికి పెట్టిందా?" గఫూర్ బతికున్న బుడే వైపు చూశాడు.

"ఇంకా లేదు."

"పెట్టనీయకు."

కోటేశ్వరి లేచి నిలబడింది. "పెట్టకపోతే జ్వరానికి పోతాడు. పోయినేడు ముసురుకి మందందక పోయినోళ్ళని చూళ్ళేదా? పెడితే పోతున్నారు, పెట్టకపోయినా పోతారు. నువ్వు మేనమామవి. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావ్?"

గఫూర్ బుడే దగ్గరికి వెళ్ళాడు. బుడే ఒంటి వేడి పక్కన నిలబడితేనే తెలుస్తోంది. వాడు సాయంత్రం దాకా ఆగితే గొప్ప.

*

బాపయ్య తోపుకి పెద్ద. తల పెద్దది, ఓపిక చిన్నది. ముసురు కాస్త తెరిపిచ్చాక అందర్నీ పిలిపించి తీర్పు చెప్పేశాడు.

"పోయినోళ్ళందరూ శివపార్వతి మందు తిన్నోళ్ళే. దాన్ని రోడ్డు దాటించండి. పొద్దుగూకే లోపు. ఆ మందు ఇక ఎవురూ ముట్టొద్దు."

తారురోడ్డు దాటించడమంటే అవతల ఊరకుక్కలకి అప్పగించడమే. దానికి ముందు లారీలు. దాటి తిరిగొచ్చిన పిల్లి లేదు.

"మావా," అన్నాడు గఫూర్. "ఆవిడెందుకు చంపుతుంది?"

"ముసల్దైపోయింది. పని ఇంకొకళ్ళకిస్తామని భయం. పిల్లకాయలు చస్తావుంటే తన అవసరం పడుద్ది గదా."

"చస్తుంటే అవసరం పెరుగుద్దా, పరువు పోద్దా?"

బాపయ్య మీసాలు కదిలాయి. మోటివ్ లేని కేసులో తీర్పు చెప్పాడని అతనికీ తెలుసు. కానీ చుట్టూ తల్లులు. వాళ్ళ కళ్ళల్లోకి చూసి "ఏమో, తెలీదు" అనగల ధైర్యం ఏ పెద్దకి ఉంటుంది? పిల్లి శాపాలకి ఉట్లు తెగవని మనుషులు ఎగతాళి చేస్తారు గానీ, పిల్లి తీర్పులకి పిల్లుల ప్రాణాలు మాత్రం పోతాయి.

"పొద్దుగూకే దాకా నీకు టయిం," అన్నాడు బాపయ్య. "ఆ తర్వాత నన్నడగబాక."

*

శివపార్వతి ఉండేది కూలిపోయిన తాటిమొద్దు తొర్రలో. అదే ఆమె ఆస్పత్రి. ఒక పక్క గాయాలకి గాయపాకు. ఒక పక్క పాలు పడటానికి పిల్లితేగల దుంప. కక్కించడానికి గరిక. జ్వరానికి కుప్పింటాకు. అన్నీ విడివిడిగా, ఇస్త్రీ చేసినట్టు పరిచి ఉన్నాయి. ఏ ఆకు మీదా ఒక్క చిల్లు లేదు.

"వచ్చావా?" అంది. "రోడ్డు దాటించడానికేనా?"

"అడగడానికి. కుప్పింటాకు ఎక్కడ కోశావత్తా?"

"గట్ల మీద. ఇంకెక్కడ దొరుకుద్ది?"

"ఏ గట్టు?"

"పీరు చేను గట్టు, ప్రేమ్‌చంద్ చేను గట్టు. ఎప్పుడూ అక్కడే."

"ఎట్టాంటిది చూసి కోస్తావ్?"

ఆమెకి కోపమొచ్చింది. "నాకే పరీక్ష పెడతన్నావంట్రా? పురుగు ముట్టింది పిల్లి ముట్టదు. మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. పురుగు ఎంగిలి బిడ్డ నోట్లో పెట్టినదాన్ని ఈ తోపులో బతకనిస్తారా? ఒక్క చిల్లున్నా పారేస్తా. ఈ ఏడు ఆకు చూడు, ఎట్టా ఉందో. ఇంత శుభ్రమైన ఆకు నా జన్మలో చూళ్ళేదు. ఇంత మంచాకు పెట్టినా పిల్లలు పోతన్నారంటే నాకు బుర్ర పనిచెయ్యడంలా."

గఫూర్ ఆకుని వాసన చూశాడు. ఆ ఏడు ఆ చేల మీద గాలికుండే వాసనే. గట్టుకీ అదే, వాగునీళ్ళకీ అదే, తన ఒంటికీ అదే. అన్నిటికీ ఒకటే వాసనైతే ముక్కున్నా లేనట్టే.

"ఎవరెవరికి పెట్టావ్?"

"జ్వరమొచ్చిన ప్రతి బిడ్డకీ. ఒక్క రిహానా బిడ్డకి తప్ప."

"అదేం?"

"చేతకాని ముసలిదానా అంది నన్ను. నీ బిడ్డకి నా మందు పెట్టను పో అన్నా." పరిచిన ఆకుల్ని కాలితో సర్దింది. "అన్నానే గానీ, ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయిందిరా. మర్నాడు పోదామనుకున్నా. పోలా."

గఫూర్ లేచాడు. ఆమె సాగనంపడానికి తొర్ర వాకిట్లోకి వచ్చింది. వస్తూ ఎదురుగా ఉన్న కర్రమొద్దుకి కాలు తగిలి తూలింది. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న మొద్దు. మూతిని గబుక్కున గడ్డికి రాసుకుంది. ముందుకాళ్ళు వణుకుతున్నాయి.

"ఒంట్లో బాలేదా అత్తా?"

"వయసు. ఇంకేం లేదు. పో, నీ పని చూసుకో."

మాట తప్పించింది. దొంగకి కాళ్ళు వణుకుతాయని లోకంలో మాట ఒకటుంది. గఫూర్ ఆ మాటని నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు.

*

తోపులో సగం మంది అనుమానం మాత్రం తోమా మీద.

తోమా ఎవరి చేలోనూ పుట్టలేదు. పిడుగురాళ్ళ నుంచి సున్నం వేసుకొస్తున్న లారీలో పుట్టాడు. లారీ ఇక్కడ టైరు పంక్చరై ఆగితే దిగిపోయాడు. డ్రైవరు పేరే పెట్టుకున్నాడు. ఒంటి మీద అక్కడక్కడా సున్నం కాల్చిన తెల్ల మచ్చలు. ఊళ్ళోకి పోయి ఇళ్ళ వసారాల్లో తిరుగుతాడు. తోపువాళ్ళకి ఈ సాక్ష్యం చాలు.

"నిన్ను మందాకుల తొర్ర దగ్గర చూసినోళ్ళున్నారు."

"ఉంటారు. నేను గాలి పీల్చినా చూసినోళ్ళుంటారు."

"ఊళ్ళో ఎలకల మందు పెడతారు. ఆ ఎలకల్ని తెచ్చి ఆకుల మీద పెట్టావా?"

"నాకేం పని గఫూరన్నా? ఇక్కడి పిల్లకాయలు నన్ను సున్నం మావా అంటారు. రోజూ నా తోక పట్టుకు లాగుతారు. ఇన్నాళ్ళకి నా తోక లాగేవాడు లేడు." తోమా తోకని ఒంటి కిందికి లాక్కున్నాడు.

"మరి అక్కడెందుకు తిరుగుతున్నావ్?"

తోమా సిగ్గుపడ్డాడు. "కుప్పింట వేరు కోసం. ముసలమ్మ ఆకు తెంపి వేరు పక్కన పడేస్తది. ఆ వేరు వాసనకి మత్తుగా ఉంటది గదా. నువ్వెప్పుడూ పోలేదా?"

గఫూర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. వెళ్ళాడు. చాలాసార్లు.

"వాసన చూశావా, నమిలావా?"

"నమిలా. వారంగా నములుతూనే ఉన్నా."

"ఏమీ కాలేదా?"

"మత్తు తప్ప ఏం కాలా."

గఫూర్ చెవి నిక్కింది. ఉన్న ఒక్క మంచి చెవి.

అదే మొక్క. అదే గట్టు. ఆకు నమిలిన పిల్లలు పోయారు. వేరు నమిలిన తోమా గుండ్రాయిలా ఉన్నాడు. అంటే విషం మొక్కలో లేదు. భూమిలోనూ లేదు. తొర్ర దగ్గర ఎవరైనా కలిపితే వేరుకీ అంటాలి. అంటలేదు.

వేరు మట్టి కింద ఉంటుంది. ఆకు పైన ఉంటుంది. పైనుంచి ఏదో పడుతోంది.

*

రిహానా బిడ్డ పొద ముందు మిడతతో ఆడుకుంటోంది. తోపులో జ్వరమొచ్చి బతికిన ఒకే ఒక్క బిడ్డ.

"నీ పిల్లకి మందెవరు పెట్టారమ్మా?"

"శివపార్వతమ్మే." రిహానా తడుముకోకుండా చెప్పింది. అంత తడుముకోకపోవడం మంచి సాక్షి లక్షణం కాదు.

"ఆవిడ పెట్టలేదంటోంది."

"అయితే... అదే తగ్గిపోయిందేమో."

"ముసురు జ్వరం అదే తగ్గడం నువ్వెప్పుడన్నా చూశావా?"

"నా బిడ్డ బతికితే మీకందరికీ కడుపుమంట! బతకడం కూడా తప్పేనా అన్నా?"

అరుస్తోంది గానీ, కూర్చున్న చోటి నుంచి అంగుళం కదలడం లేదు. ముందుకాలు నేలకి అదిమిపెట్టింది. ఆ పంజా కింద నుంచి ఆకు ముక్క ఒకటి బయటికి కనిపిస్తోంది. వాడిపోయిన కుప్పింటాకు. జల్లెడలా చిల్లులు.

గఫూర్ చూశాడు. తను చూసినట్టు రిహానాకీ తెలిసింది. ఆమె కళ్ళు బతిమాలాయి. గఫూర్ ఏమీ అనకుండా వెనక్కి తిరిగాడు.

చిల్లులున్న ఆకు. ఈ ఏడు ఎక్కడ దొరుకుతుంది? పీరు గట్టు మీద లేదు. ప్రేమ్‌చంద్ గట్టు మీద లేదు. పురుగన్నది బతికున్న చేను ఈ చుట్టుపక్కల ఒక్కటే.

అది తను పుట్టిన చేను.

*

గఫూర్ చేలో ఈ ఏడు పత్తి పెట్టలేదు. పెట్టేవాడు లేడు. నిరుటి పత్తిమోళ్ళు అలాగే ఉన్నాయి. వాటి మధ్య కలుపు నడుమెత్తు లేచింది. కుప్పింట గుంపులు గుంపులుగా ఉంది. ప్రతి ఆకూ చిల్లులే. ప్రతి చిల్లు పక్కనా ఓ పచ్చపురుగు తీరుబడిగా కూర్చుని ఉంది.

పిల్లి గఫూర్ గట్టు మీద నిలబడ్డాడు. ఇన్నాళ్ళుగా ఇటు రావడం లేదు. వస్తే గుర్తొస్తుంది.

గుర్తొచ్చింది.

నిరుడు పురుగు పత్తినంతా ఊడ్చేసిన రోజుల్లో, ఆసామి గఫూర్ ఇదే గట్టు మీద, బండి నీడలో పడి ఉన్నాడు. పక్కన డబ్బా దొర్లి ఉంది. మంచివాడు. అన్నం తినేటప్పుడు ఓ ముద్ద ఇటు విసిరేవాడు. ఆ రోజు ముద్ద కోసమే వెళ్ళి దగ్గరగా చూశాడు తను. మూతి చుట్టూ నురగ. మెడంతా చొంగ. కళ్ళు తెరిచే ఉన్నాయి. నీడలో కూడా ఆ కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. తర్వాత మనుషులొచ్చారు, ఏడ్చారు, మోసుకుపోయారు.

అవే కళ్ళు. మేనల్లుడి కళ్ళు.

పక్క చేలో మోటారు చప్పుడైంది. గఫూర్ తలెత్తాడు. పీరు వీపుకి డబ్బా తగిలించుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని పత్తికి పురుగుమందు కొడుతున్నాడు. నిరుటి దెబ్బకి భయపడ్డ రైతు. ఒకసారి కొట్టాల్సిన చోట నాలుగుసార్లు కొడుతున్నాడు. తుంపర పత్తి దాటి గట్టు మీదికి మంచులా దిగుతోంది. గట్టు మీది కుప్పింట తడిసి నిగనిగలాడింది. ఓ చిన్న సీతాకోకచిలుక దాని మీద వాలింది. మళ్ళీ లేవలేదు.

ఇంత శుభ్రమైన ఆకు నా జన్మలో చూళ్ళేదు. ముసలమ్మ మాట చెవిలో గింగిరాలెత్తింది.

గఫూర్ వెనక్కి తిరిగి తన చేలోకి దూకాడు. బాగా చిల్లులున్న కొమ్మ ఒకటి తుంచాడు. పురుగు రాలకుండా పళ్ళతో ఒడుపుగా పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఓ పురుగు ప్రాణం గురించి భయపడుతూ పరిగెత్తాడు.

*

తాటిచెట్ల తలల మీదికి పొద్దు దిగింది.

తోపంతా తాటిమొద్దు ముందు చేరింది. శివపార్వతిని మధ్యలో నిలబెట్టారు. ఆమె తలెత్తడం లేదు. బాపయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు.

"కోటేశ్వరి ఏది?" అన్నాడు గఫూర్ రాగానే, కొమ్మ కింద పెడుతూ.

బుడే ఒక్కడే పొద నీడలో పడి ఉన్నాడు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అప్పుడే ఆమె వచ్చింది. పీరు గట్టు వైపు నుంచి. నోటి నిండా ఆకు. తళతళలాడే, ఒక్క మచ్చ లేని ఆకు. ఏ మందులమ్మనీ నమ్మక, తనే వెతికి, ఉన్నవాటిలో మేలైనది ఏరి తెచ్చింది. నములుతూనే బిడ్డ మీదికి వంగింది.

గఫూర్ గాల్లోకి లేచాడు. పంజా విసిరి చెల్లెలి మూతి మీద కొట్టాడు. ఆకు ముద్ద దూరంగా పడింది. కోటేశ్వరి మూతి చీరి రక్తం వచ్చింది.

"ఛీ! మేనమామవా నువ్వు! నా బిడ్డ పోతన్నాడురా!"

"ఉమ్మెయ్! ముందు నోట్లోది ఉమ్మెయ్! గరిక తిను, కక్కు!"

ఆ గొంతు విని ఆమె భయపడింది. ఉమ్మింది.

గఫూర్ తను తెచ్చిన కొమ్మని అందరి ముందూ పెట్టాడు. చిల్లుల ఆకు. దాని మీద బతికున్న పురుగు. పక్కనే కోటేశ్వరి తెచ్చిన ఆకుల్లో నలగనిదాన్ని పెట్టాడు.

"బాపయ్య మావా, బిడ్డ నోట్లో పెట్టాల్సొస్తే దీంట్లో ఏది పెడతావ్?"

"అడగాలంట్రా? పురుగు ముట్టంది."

"శివపార్వతమ్మత్త కూడా అదే పెట్టింది. నా చెల్లెలు కూడా అదే పెట్టబోయింది. ఇప్పుడు చూడండి."

చిల్లుల ఆకు మీది పురుగుని మెల్లగా నెట్టి శుభ్రమైన ఆకు మీదికి దించాడు.

పురుగు తల ఎత్తింది. అటూ ఇటూ వెతికింది. అంచు కొరికింది.

ఇన్ని పిల్లులు ఒక్క పురుగు ముందు కదలకుండా కూర్చోవడం ఆ వాగు ఎప్పుడూ చూసి ఉండదు. కోటేశ్వరి బుడే వైపు చూస్తోంది, పురుగు వైపు చూస్తోంది. పొద్దు ఒక్కో కొమ్మే దిగుతోంది. పురుగు ఇంకా కొరుకుతూనే ఉంది. బాపయ్య గొంతు సవరించుకున్నాడు.

గఫూర్ పురుగు మీదికి వంగాడు. ఒకవేళ తప్పైతే? తను కింద పడేసిన ఆకే బిడ్డకి ఆఖరి ఆధారమైతే?

పురుగు ఆగింది. వెనక్కి ముడుచుకుంది. ఒళ్ళంతా వణికింది. నోట్లోంచి పచ్చటి నీరు కారింది. మెలికలు తిరిగి, ఆకు మీద నుంచి దొర్లి కింద పడింది. మళ్ళీ కదల్లేదు.

తోపు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

"చొంగ. వణుకు. చావు," అన్నాడు గఫూర్. "మన పిల్లలకి జరిగింది ఇదే. పీరు చల్లేది, ప్రేమ్‌చంద్ చల్లేది పత్తి మీద పడి ఆగదు. గట్టు మీద పడుతోంది. నా పేరిచ్చిన ఆసామి తాగి పోయింది కూడా అదే. ఆయన కళ్ళు నేను చూశా. పిల్లాడి కళ్ళూ చూశా. తోమా వేరు నమిలి బతికాడు, వేరు మట్టి కింద ఉంటుంది కాబట్టి. ఈ ఏడు ఆకు శుభ్రంగా ఉందంటే అర్థం, దాన్ని ముట్టిన పురుగల్లా చచ్చిందని. మనం ఏరి ఏరి అదే తెచ్చుకున్నాం."

"మరి రిహానా బిడ్డ?" అన్నారెవరో.

రిహానాయే లేచింది. తోక కాళ్ళ మధ్యకి ముడుచుకుని, నేలని చూస్తూ చెప్పింది.

"ఎంగిలాకు పెట్టా. గఫూర్ చేలో కోశా. శివపార్వతమ్మ పెట్టనంది, నాకు మంచాకు దొరకలా. గట్టు దాకా పోయే ఓపిక్కూడా లేదు. చేతికందింది పెట్టా. బిడ్డ బతికాక చెబుదామనుకున్నా. చెబితే నన్ను తరిమేస్తారు గదా. ఎంగిలాకు పెట్టినదాన్ని తరిమేస్తారు గదా!" ఆమె బుడే వైపు చూసింది. "నేను చెప్పుంటే కోటేశ్వరక్క పిల్లలు బతికేవాళ్ళు."

ఎవరూ ఆమెని తరమలేదు. ఎవరూ ఓదార్చలేదు కూడా.

"బుడే," అన్నాడు గఫూర్. "ముందు బుడే సంగతి చూడండి."

శివపార్వతి చిల్లుల కొమ్మ దగ్గరికి తడుముకుంటూ వచ్చింది. ఆకు తుంచింది. నమలబోయింది. దవడలు పట్టు తప్పి ఆకు జారిపోయింది. మళ్ళీ తుంచింది. మళ్ళీ జారింది.

"నావల్ల కాదే," అంది కోటేశ్వరితో. "నువ్వు నములు. మెత్తగా, పాలంత పల్చగా. నాలిక కింద పెట్టు."

కోటేశ్వరి నమిలింది. పురుగు ఎంగిలి, తల్లి ఎంగిలి, తన మూతి రక్తం, అన్నీ కలిపి బిడ్డ నోట్లో పెట్టింది.

ఆ తర్వాత చెయ్యడానికేం లేదు. కూర్చున్నారు.

పొద్దుగూకింది. మసక కమ్ముకుంది. చొంగ రాలేదు. వణుకు రాలేదు. బుడే చెవులు చల్లబడుతున్నాయి. ఒకసారి తల్లి పొట్ట వెతుక్కుంటూ కళ్ళు తెరిచాడు.

"గఫూరూ," పిలిచింది శివపార్వతి. "పిల్లాడి కళ్ళు ఎట్టా ఉన్నాయో చూడు. నాకు ఆనడంలా. కొన్నాళ్ళుగా పొద్దు వాలితే ఏదీ ఆనడంలా."

గఫూర్ వంగి చూశాడు. మసకలో కంటిపాపలు రెండూ పూర్తిగా విచ్చుకుని, నల్లగా, రేగ్గింజల్లా ఉన్నాయి.

"గుండ్రంగా ఉన్నాయత్తా."

"అయితే బతికాడు."

గఫూర్ ఆమె వైపు తిరిగాడు. అప్పుడు అర్థమైంది అతనికి. మొద్దుకి కాలు తగలడం. మూతి గడ్డికి రాసుకోవడం. పొద్దున్నుంచీ తను అనుమానంగా చూసిన ప్రతి గుర్తూ. పిల్లల కోసం ఆకు నమిలింది ఎవరు? ఒక్కొక్క పిల్లకి అందింది ఒక్కసారే. ఆమె మాత్రం అందరి కోసం నమిలింది.

చుట్టూ ఉన్న పిల్లుల కళ్ళన్నీ చీకటికి విచ్చుకున్నాయి. శివపార్వతి కంటిపాపలు దారప్పోగుల్లా ఉన్నాయి.

"అత్తా, గరిక తెస్తా. కక్కేద్దువు గాని."

"గరిక కడుపులో ఉన్నదాన్ని కక్కిస్తది. రక్తంలోకి పోయినదాన్నేం చేస్తది?" ఆమె తాటిమొద్దుకి ఆనుకుంది. "నా కళ్ళు ఎట్టా ఉన్నాయిరా?"

అతను ఇంతవరకూ ఏ సాక్షికీ అబద్ధం చెప్పలేదు.

"గుండ్రంగానే ఉన్నాయి."

"మంచోడివి," అంది ముసలమ్మ. "అబద్ధమాడ్డం మాత్రం రాదు నీకు." కళ్ళు మూసుకుని, "రిహానా ఎక్కడుందో పిలు. ఏ ఆకు దేనికో చెప్పిపోతా," అంది.

బాపయ్య అవతలికి నడిచి, రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

*

మూడో నాడు ముసురు పట్టలేదు. గట్ల మీద ఎండ కాసింది.

తోపులో ఇంకో బిడ్డకి ఒళ్ళు వెచ్చబడింది. రిహానా ఆకు కోసం బయల్దేరింది. ఇప్పుడు మందులమ్మ ఆమే. గఫూర్ తోడు వెళ్ళాడు.

గఫూర్ చేను మొదట్లోనే ఇద్దరూ ఆగిపోయారు. ఎవరో కౌలుకి తీసుకున్నట్టున్నారు. పత్తిమోళ్ళు పీకి కుప్పేశారు. కలుపు సగం దున్నేశారు. మిగిలిన సగం మీద తడి నిగనిగలాడుతోంది. చేను చివర ఖాళీ పురుగుమందు డబ్బా పడి ఉంది.

రిహానా కుప్పింట మొక్క దగ్గరికి వెళ్ళింది. ఆకు ముట్టుకోలేదు. ముందు పురుగు కోసం వెతికింది. ఆకు తిరగేసి చూసింది. కాడ పొడుగునా చూసింది. పక్క మొక్క చూసింది. దాని పక్కది చూసింది.

పురుగు లేదు.

"పద," అన్నాడు గఫూర్.

ఇద్దరూ అవతలి గట్టుకి నడిచారు.